చేపలు తేకముందు నెల రోజులు: కొత్త అక్వేరియాన్ని ఖాళీగా నడపడం ఎలా

నిరుడు జూన్‌లో మా ఇంట్లో రెండడుగుల అక్వేరియం పెట్టి, నలభై ఒక్క రోజులు అందులో ఒక్క చేప కూడా వేయకుండా నడిపాను. ఫిల్టర్ బుడబుడమంటూ ఉంటుంది, నీళ్లు తిరుగుతూ ఉంటాయి, లోపల చూస్తే ఏమీ ఉండదు. కర్నూల్లో మా వీధి సగం మంది వచ్చి వంగి చూసి పోయారు. "ఏమప్పా, చేపలేవీ?" అని పక్కింటాయన. "ఉత్త నీళ్లకు కరెంటు కాలుస్తాండావేమి రా?" అని మా అమ్మ.

అంతకు ముందు ఏడాది జరిగింది ఆమె మర్చిపోయింది గానీ నేను మర్చిపోలేదు. తొట్టి కొన్న అంగడిలో "ఈరోజు నీళ్లు పోయండి, రేపొచ్చి చేపలు తీసుకుపోండి" అన్నారు. అలాగే చేశాను. ఆరు మోలీలు. నాలుగో రోజుకు నీళ్ల పైకొచ్చి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి, తొమ్మిదో రోజుకు ఒక్కటీ మిగల్లేదు. నీళ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి. నన్ను మోసం చేసింది ఆ తేటదనమే.

అసలు సంగతి ఏమిటంటే, చేప తన మొప్పల గుండా అమ్మోనియా వదులుతూనే ఉంటుంది. మిగిలిపోయిన మేత, రెట్ట కుళ్లినా వచ్చేది అదే. చెరువులో అయితే అది ఎంత నీళ్లలోనో కలిసిపోతుంది. యాభై లీటర్ల గాజు పెట్టెలో ఎక్కడికి పోతుంది? కంటికి కనిపించదు, చేపను మాత్రం చంపుతుంది. దాన్ని తినే సూక్ష్మజీవులు ఉన్నాయి. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. చేప రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి లేకుండా చేస్తుంది, రక్తం గోధుమ రంగుకు తిరుగుతుంది. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. ఇది కొంత మోతాదు వరకు చేపకు పెద్దగా హాని చేయదు, వారం వారం కొన్ని నీళ్లు మారిస్తే పోతుంది. పేర్లలో తేడా కొంచెమే, జాగ్రత్తగా చదవండి: నైట్రైట్ చంపేది, నైట్రేట్ ఓర్చుకోగలిగేది.

సేద్యం చేసేవాళ్లకు ఇది కొత్త కాదు. పొలంలో చల్లిన యూరియా అమ్మోనియాగా మారాక, దాన్ని నైట్రేట్‌గా మార్చి పైరుకు అందించేది ఇదే జాతి జీవులు. మట్టిలో ఈ పని రెండు అంచెల్లో జరుగుతుందని 1890 ప్రాంతంలోనే సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యా శాస్త్రవేత్త తేల్చాడు. అక్వేరియాల్లో రెండో అంచె పని నైట్రోబాక్టర్ అనే బాక్టీరియా చేస్తుందని చాలాకాలం అనుకున్నారు. మంచినీటి తొట్లలో ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా అని 1998లో బయటపడింది.

ఇవి నిదానంగా పెరిగే జాతి. మామూలు బాక్టీరియా అరగంటలో రెండింతలైతే, వీటికి కొన్ని గంటల నుంచి ఒక రోజు దాకా పడుతుంది. అందుకే నెల రోజులు. ఆ నెలంతా చేపల ప్రాణాలు పణంగా పెట్టకుండా, మనమే కొలిచి అమ్మోనియా పోసి ఈ జీవులను పెంచడమే ఇప్పుడు చెప్పబోయే పని.

ముందు నీళ్ల సంగతి

అందరూ తప్పు చేసేది ఇక్కడే, నేనూ చేశాను. కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను.

మన దగ్గర దొరికేవి మూడు రకాల నీళ్లు: కార్పొరేషన్ కొళాయి నీళ్లు, బోరు నీళ్లు, ఇరవై లీటర్ల ఆర్ఓ క్యాన్. "చేపలకు స్వచ్ఛమైన నీళ్లే పోద్దాం" అని నేను మూడు క్యాన్లు తెప్పించి పోశాను. పదిహేడు రోజులు అంతా బాగానే నడిచింది. తర్వాత అమ్మోనియా ఉన్నచోటే నిలబడిపోయింది. పోసింది పోసినట్టే ఉంది. వారం రోజులు టెన్షన్ పడి, చివరికి పీహెచ్ (నీళ్ల ఆమ్లగుణం కొలత, 7 కంటే తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) చూస్తే 6కి దిగిపోయి ఉంది.

కారణం ఇది. ఈ సూక్ష్మజీవులు అమ్మోనియాను మార్చేటప్పుడు నీళ్లలో ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లాన్ని విరిచేవి నీళ్లలో కరిగి ఉన్న బైకార్బొనేట్లు. నీళ్లను పరీక్షించే కిట్ల మీద కేహెచ్ అని రాసేది వీటి లెక్కే. 2 పీపీఎం (అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములు) అమ్మోనియా ఒకసారి నైట్రేట్ దాకా పోయేసరికి లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల క్షారత ఖర్చవుతుంది. ఆర్ఓ మిషన్ ఈ లవణాలనే కదా వడకట్టి పారేసేది! నాలుగు మోతాదులకే నా తొట్టిలో ఆ నిల్వ అయిపోయింది. పీహెచ్ 6.5 కిందికి పోతే ఈ జీవులు నీరసిస్తాయి, 6 దగ్గర దాదాపు పని మానేస్తాయి. వీటికి నచ్చేది 7.5 నుంచి 8 దాకా.

అంటే మనం ఏళ్ల తరబడి తిట్టుకుంటున్న బోరు నీళ్లు, గీజర్‌ను పాడుచేసి, వేణ్ణీళ్ల గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కట్టే ఆ నీళ్లే ఈ పనికి మేలైనవి. ఆ పెచ్చు కట్టిస్తున్నది మనకు కావలసిన కార్బొనేటే. నేను సగం నీళ్లు తీసేసి మేడ మీది బోరు ట్యాంకు నుంచి పట్టి పోశాను. మూడో రోజుకు అమ్మోనియా మళ్లీ తగ్గడం మొదలైంది.

నా సలహా: కొళాయి నీళ్లు రెండు వంతులు, బోరు నీళ్లు ఒక వంతు. అనంతపురం వైపు బోరు నీళ్లు నోట్లో పెట్టుకోలేనంత ఉప్పగా ఉన్న ఇళ్లలో ఇంకా తక్కువ కలపండి. అపార్ట్‌మెంట్‌లో ఉండి బోరు నీళ్లు అందకపోతే, 50 లీటర్లకు ఒక టీస్పూన్ వంట సోడా కరిగించి పోయండి, అదే పని చేస్తుంది. బేకింగ్ పౌడర్ కాదు, ఉత్త వంట సోడా.

కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. మన తాగునీళ్లలో బాక్టీరియాను చంపడానికే కదా కలిపేది, తొట్టిలో బాక్టీరియాను మాత్రం ఎందుకు వదిలిపెడుతుంది? నీళ్లను బకెట్లలో పట్టి ఒక రోజంతా మూత లేకుండా పెట్టండి, రాత్రి గాలి పంపు వేసి ఉంచితే ఇంకా మంచిది. అక్వేరియం అంగళ్లలో యాంటీ క్లోరిన్ పేరుతో దొరికే చుక్కలు కూడా వేయండి. పాత ఫొటో స్టూడియోల్లో హైపో అనేవాళ్లే, అదే సోడియం థయోసల్ఫేట్ అందులో ఉండేది. వానాకాలంలో తుంగభద్రకు కొత్త నీళ్లు వచ్చి కొళాయిలో ఎర్రగా వస్తే, ఆ రోజు పట్టకండి. రెండు మూడు రోజులు ఆగండి.

తొట్టి, ఫిల్టర్

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టికి లెక్క ప్రకారం 56 లీటర్లు పడతాయి. గులకరాళ్లు వేసి, పైన రెండు వేళ్ల ఖాళీ వదిలితే నికరంగా 45 నుంచి 50. కింద లెక్కలన్నీ 50 లీటర్లకు చెబుతున్నాను. నీళ్లు, రాళ్లు, గాజు కలిపి 70 కిలోలు దాటుతుంది, కాబట్టి ప్లాస్టిక్ టేబుల్ మీద పెట్టకండి. మన ఇళ్లలో అల్మారాలకు వేసే కడప బండ ఉంది చూడండి, దాని మీద అరంగుళం థర్మకోల్ షీటు పరిచి పెడితే కదలదు.

కడప బండ ముక్కలు, బేతంచెర్ల రాళ్లు తొట్టి లోపల కూడా అందంగా ఉంటాయి. అయితే అవి సున్నపురాయి జాతివి, నీళ్ల గట్టిదనాన్నీ (అంటే కరిగిన సున్నపు లవణాలను) పీహెచ్‌నూ మెల్లగా పెంచుతాయి. మోలీలు, గప్పీలు పెంచేవాళ్లకు ఇబ్బంది లేదు. మీ దగ్గరున్న రాయి ఏదో తెలియకపోతే, రాయిని గోరంత గీకి ఆ పొడి మీద నిమ్మకాయ పిండి చెవి దగ్గర పెట్టుకోండి. సన్నగా సుయ్‌మని వినబడి, చిన్న చిన్న బుడగలు వస్తే సున్నపురాయే.

ఫిల్టర్ విషయంలో నా ఓటు స్పాంజ్ ఫిల్టర్‌కే. చవక, చెడిపోవడానికి అందులో ఏమీ లేదు, గాలి కూడా అదే ఇస్తుంది. ఈ సూక్ష్మజీవులు నీళ్లలో తేలుతూ ఉండవు. స్పాంజ్ రంధ్రాల్లో, గులకరాళ్ల మీద అతుక్కుని ఉంటాయి. వాటికి ఆక్సిజన్ నిరంతరం కావాలి. కాబట్టి ఫిల్టర్‌ను నడిపే గాలి పంపు ఇరవై నాలుగు గంటలూ నడవాలి, "రాత్రి శబ్దం వస్తోంది" అని ఆపకూడదు. కరెంటు పోయే వీధి అయితే పంపును ఇన్వర్టర్ లైనుకు కలపండి, దానికి పట్టే కరెంటు నాలుగైదు వాట్లే. పంపును నీళ్ల మట్టం కంటే పైన పెట్టడం మర్చిపోకండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు పైపు గుండా నీళ్లు వెనక్కి లాగి, పంపులోకీ అక్కడి నుంచి నేల మీదికీ వస్తాయి.

లైటు అక్కర్లేదు. వేస్తే పాచి పట్టడం తప్ప లాభం లేదు. కిటికీ ఎండ పడే చోట అసలే వద్దు.

అమ్మోనియా ఎక్కడ దొరుకుతుంది

ఇది అందరూ అడిగే ప్రశ్న. కాలేజీలకు ల్యాబ్ సామాన్లు అమ్మే అంగడిలో అమ్మోనియం క్లోరైడ్ అని అడగండి. తెల్లటి ఉప్పులా ఉంటుంది, చిన్న డబ్బా ఏళ్ల తరబడి వస్తుంది. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్లు వాడే నవాసారం కూడా ఇదే పదార్థం. కానీ బజారు సరుకులో ఇంకేం కలిసి ఉంటుందో చెప్పలేం కాబట్టి ల్యాబ్ డబ్బానే తీసుకోండి. ఎరువుల అంగట్లోని యూరియా పనికిరాదు. అది అమ్మోనియాగా విడివడడానికి సమయం పడుతుంది, ఆలోపు కిట్‌కు కనిపించదు, మీరు చాలలేదనుకుని ఇంకా పోస్తారు. డీఏపీ జోలికి అసలు పోకండి, ఫాస్ఫేట్‌తో తొట్టంతా పాచి.

50 లీటర్లకు 2 పీపీఎం రావాలంటే కావలసింది 0.3 గ్రాములు. వంటింటి తూకానికి అది అందదు. ఇలా చేయండి: తెలిసిన బంగారు అంగడిలో 6 గ్రాములు తూచి పొట్లం కట్టించుకోండి. (మా కాలనీలో ఆయన ఒకసారి పొట్లం వైపు, ఒకసారి నా వైపు చూసి, "దీంతో ఏం చేస్తావు నాయనా?" అన్నాడు.) దాన్ని 200 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించి సీసాలో పోసి, మీద పేరు రాసి, పిల్లలకు అందని చోట పెట్టండి. ఇందులో 10 మిల్లీలీటర్లు తొట్టిలో పోస్తే 2 పీపీఎం. కొలవడానికి మందుల షాపులో దొరికే సూది లేని సిరంజి చాలు.

ఇదేదీ దొరకని ఊళ్లో ఉంటే, చిటికెడు చేప మేతను పలుచటి గుడ్డలో మూటకట్టి వేలాడదీసి కుళ్లనివ్వడం పాత పద్ధతి. పని చేస్తుంది కానీ ఎంత అమ్మోనియా వస్తున్నదో మన చేతిలో ఉండదు, వాసన వస్తుంది, ఇంట్లో మాట పడాలి.

చుక్కలు వేసి చూసే టెస్ట్ కిట్ మాత్రం తప్పనిసరి: అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ నాలుగూ ఉన్నది. చేపలకు పెట్టే డబ్బు కంటే కిట్‌కే ఎక్కువ అవుతుంది, తెలుసు. అయినా కిట్ లేకుండా ఈ పని చేయడం కళ్లకు గంతలు కట్టుకుని బండి నడపడమే. నైట్రేట్ పరీక్షలో రెండో సీసా ఉంటే దాన్ని కనీసం అర నిమిషం గట్టిగా కుదిపి వేయండి. అడుగున పేరుకున్నది కలవకపోతే తప్పుడు లెక్క వస్తుంది.

ఇక రోజువారీ పని

మొదటి రోజు 10 మిల్లీలీటర్లు పోయండి. ఒక గంట తర్వాత అమ్మోనియా చూడండి, 2 దగ్గర ఉండాలి. కొంచెం అటూ ఇటూ అయితే పట్టించుకోకండి. 4 దాటితే మాత్రం కొన్ని నీళ్లు మార్చండి. త్వరగా అవుతుందని ఎక్కువ పోస్తే పని వెనక్కే పోతుంది. వారానికోసారి రెండు రేణువుల చేప మేత కూడా వేయండి. ఈ జీవులకు కొంచెం భాస్వరం కావాలి, అది ఆ మేతలో ఉంటుంది.

తర్వాత రెండు రోజులకోసారి పరీక్ష, ఒక నోటుబుక్కులో రాసుకోవడం. మొదటి వారం పది రోజులు ఏమీ జరగదు. నిజంగా ఏమీ జరగదు. మధ్యలో నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడతాయి. అది వేరే బాక్టీరియా, దానంతటదే పోతుంది, నీళ్లు మార్చకండి. నా పుస్తకంలో ఎనిమిదో రోజు దాకా ఒకటే వరుస: అమ్మోనియా 2, నైట్రైట్ 0. పదకొండో రోజు సాయంత్రం నైట్రైట్ గొట్టంలో ఎప్పుడూ ఉండే లేత నీలం కాకుండా, వంకాయ తొక్క కడిగిన నీళ్లలాగా సన్నటి ఊదా రంగు కనబడింది. గొట్టాన్ని తెల్ల కాగితం ముందు పెట్టి, ట్యూబ్‌లైటు కింద ఒకసారి, గుమ్మం బయట ఒకసారి చూశాను. మొదటి అంచె వాళ్లు వచ్చేశారు.

అక్కడి నుంచి అమ్మోనియా అర పీపీఎం కిందికి వచ్చినప్పుడల్లా మళ్లీ 10 మిల్లీలీటర్లు పోయండి. నైట్రైట్ గొట్టం త్వరలోనే ముదురు ఊదాకు తిరిగి, కిట్‌లోని రంగుల కార్డు మీద ఆఖరి రంగు దగ్గర ఆగిపోతుంది. భయపడకండి, లెక్కే అంత: 2 పీపీఎం అమ్మోనియా మారితే 5 పీపీఎం పైన నైట్రైట్ అవుతుంది. ఇది మొత్తం పనిలో ఎక్కువ సహనం పరీక్షించే దశ, రెండు మూడు వారాలు ఇలాగే ఉండొచ్చు. ఈ దశలో అమ్మోనియా మోతాదు సగానికి తగ్గించి, రెండు మూడు రోజులకోసారి పోయండి. నైట్రైట్ మరీ పేరుకుపోతే రెండో అంచె వాళ్లకే అది భారం. కార్డు చివరి రంగు దాటిందని అనుమానం వస్తే, ఒక వంతు తొట్టి నీళ్లకు నాలుగు వంతుల ఆర్ఓ నీళ్లు కలిపి పరీక్షించి, వచ్చిన అంకెను ఐదుతో గుణించండి. అలా చూసి 15, 20 ఉంటే సగం నీళ్లు మార్చండి. ఆర్ఓ క్యాన్‌కు ఈ పనిలో ఉన్న ఒకే ఒక్క ఉపయోగం ఆ పరీక్షలో కలపడమే.

పీహెచ్ వారానికి రెండుసార్లు చూడండి. 7 కిందికి జారుతుంటే కొంచెం వంట సోడానో, ఒక బకెట్ బోరు నీళ్లో.

మనకు వేడి కొదవ లేదు కాబట్టి హీటర్ కొనక్కర్లేదు. 25 నుంచి 30 డిగ్రీల మధ్య పని బాగా సాగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో గది 40 దాటినప్పుడు మాత్రం తొట్టి నీళ్లు 35 దాకా పోతాయి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. పైమూత తీసి, టేబుల్ ఫ్యాన్ గాలి నీళ్ల మీదుగా పోయేలా పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. నీళ్లు ఆవిరైపోతాయి, రోజూ ఒక చెంబు పోస్తూ ఉండాలి. వీలుంటే ఎండాకాలం వదిలేసి జూన్, జులైలో మొదలుపెట్టండి.

తోడు దొరికితే

స్నేహితుల ఇంట్లో ఏడాదికి పైగా బాగా నడుస్తున్న అక్వేరియం ఉంటే మీ నెల వారం పది రోజులకు దిగుతుంది. వాళ్ల ఫిల్టర్ స్పాంజ్ ముక్క అడగండి, లేదా దాన్ని మీ స్పాంజ్ మీద పిండించుకోండి. ఆ నల్లటి మడ్డే మీకు కావలసిన తోడు. పాత తొట్టి నీళ్లు బిందెతో తెచ్చుకున్నా పెద్దగా ప్రయోజనం లేదు. ఈ జీవులు నీళ్లలో తేలవని ముందే చెప్పాను కదా, సరుకంతా స్పాంజ్‌లోనే. దాన్ని వాళ్ల తొట్టి నీళ్లలోనే ముంచి, సగం గాలి ఉన్న కవర్లో పెట్టి, ఎండ తగలకుండా గంట రెండు గంటల్లో తెచ్చేయండి. వాళ్ల తొట్టిలో ఈ మధ్య చేపలకు జబ్బు చేసి ఉంటే మాత్రం మొహమాటపడకుండా వద్దనండి. సీసాల్లో అమ్మే బాక్టీరియా గురించి నాకు పెద్ద నమ్మకం లేదు. మంచివి ఉన్నాయి. అవి లారీలోనో, అద్దాల అంగట్లోనో మన ఎండకు ఎన్నాళ్లు ఉడికాయన్నదే ప్రశ్న. వేసినా సరే, కిట్‌తో పరీక్ష మాత్రం మానకండి.

చేపలు తెచ్చే రోజు

ఒక రోజు గొట్టంలో నైట్రైట్ ఊదా నుంచి ఉన్నట్టుండి లేత నీలానికి వచ్చేస్తుంది. వారాలు కదలనిది ఒకటి రెండు రోజుల్లో పడిపోతుంది. నాకు ముప్పై ఎనిమిదో రోజు. అప్పుడు ఆఖరి పరీక్ష: పూర్తి 10 మిల్లీలీటర్లు పోసి, సరిగ్గా ఇరవై నాలుగు గంటల తర్వాత చూడండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా రావాలి. ఏదో ఒకటే సున్నా అయితే ఇంకా కాలేదు. మర్నాడు మళ్లీ అలాగే చేసి మళ్లీ రెండూ సున్నా వస్తేనే నమ్మండి.

ఈపాటికి నైట్రేట్ ఎంతో పేరుకుని ఉంటుంది. ఒక్కో పూర్తి మోతాదుకు దాదాపు 7 పీపీఎం చేరుతుంది. కాబట్టి నాలుగింట మూడొంతులకు పైగా నీళ్లు తీసి, క్లోరిన్ పోగొట్టిన కొత్త నీళ్లు పోయండి. స్పాంజ్‌ను ఇప్పుడు "శుభ్రంగా" కొళాయి కింద కడగాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. నెల రోజుల కష్టం మోరీలో పోతుంది. నైట్రేట్ 20 లోపు వస్తే చేపలు తెచ్చుకోవచ్చు, ఆ రోజో మర్నాడో. ఊరెళ్లాల్సి వచ్చి ఆలస్యమైతే రెండు రోజులకోసారి 5 మిల్లీలీటర్లు పోయమని ఇంట్లో చెప్పి వెళ్లండి, లేకపోతే పెంచినవన్నీ పస్తులుంటాయి.

మన గట్టి నీళ్లకు మోలీలు, గప్పీలు, ప్లాటీలు సరిపోతాయి. నియాన్ టెట్రాలు మెత్తటి నీళ్ల చేపలు, గోల్డ్‌ఫిష్‌కు రెండడుగుల తొట్టి చాలదు. మధ్యాహ్నం ఎండలో కాకుండా సాయంత్రం తెండి. కవరును మూతి విప్పకుండా ఇరవై నిమిషాలు తొట్టిలో తేలనిచ్చి, తర్వాత విప్పి కొంచెం కొంచెంగా తొట్టి నీళ్లు కలిపి, చేపలను మాత్రమే వలతో తీసి వదలండి. అంగడి నీళ్లు బయట పారబోయండి. మొదటి రోజు మేత వద్దు. మూడో రోజు, ఏడో రోజు మళ్లీ చుక్కలు వేసి చూసుకోండి.

నేను తెచ్చింది మళ్లీ ఆరు మోలీలే. మా అమ్మ స్టూలు వేసుకుని తొట్టి ముందు కూర్చుంది, మేత డబ్బా అప్పటికే ఆమె చేతిలో ఉంది. మొదటి వారం ఆ డబ్బాను కొంచెం ఎత్తులో దాచిపెట్టడం మంచిది.